కురచకాళ్ళ కుర్చీ

నాకు నోరు దురుసని వీధిలో పేరు. దానివల్ల నష్టాలు చాలానే ఉన్నా ఒక లాభం మాత్రం ఉంది. నా దగ్గర ఎవరైనా ఏదైనా దాచుకుంటే, అదేమిటని అడిగే ధైర్యం ఇంకెవరికీ ఉండదు. అందుకే పై వాటాలో ఉండే కత్తెరక్క తన ఇంట్లోని మందులన్నీ ఒక రేకు డబ్బాలో వేసి తెచ్చి నా వంటగది అలమరలో పెట్టింది. తలనొప్పి మాత్ర కావాలన్నా దగ్గు మందు కావాలన్నా ఆ ఇంట్లోవాళ్ళు మెట్లు దిగి నా గడప తొక్కాల్సిందే.

కత్తెరక్క అన్నది వీధి పెట్టిన పేరు. వీధి మలుపులో ఆడవాళ్ళకూ పిల్లలకూ జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది. దుకాణమంటే ఒకే గది, ఒక పెద్ద అద్దం, దాని ముందు ఒక చెక్క కుర్చీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరిదో ఒకరి తల మీదుగా రెండు చేతులూ ఎత్తి నిలబడాలి. చూసేవాళ్ళకు కత్తెర ఆడటమే కనిపిస్తుంది గానీ ఆ పనంతా భుజాలదే. మనిషి సన్నగా ఉంటుంది, మాట చురుగ్గా ఉంటుంది. పెళ్ళి చేసుకుంది, అచ్చిరాలేదు, వదిలేసింది. దానికోసం ఆమె ఏడవగా నేను చూడలేదు కాబట్టి ఇక్కడ నేనూ ఏడవను. "తల నా చేతిలో ఉన్నంతసేపూ ఎవరూ అబద్ధం చెప్పలేరు పిన్నీ, అద్దంలో దొరికిపోతారు" అనేది. వీధిలో ఎవరి ఇంట్లో ఏముందో ఆమెకు తెలియనిది లేదు. అయినా ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసేది కాదు. అదే నేనైతే ఆగగలిగేదాన్నా అంటే, చెప్పలేను.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. నేను పొడుగోడా అనే పిలుస్తాను. పరంజాల మీద నిలబడి పెద్ద పెద్ద గోడలకు రంగులు వేసేవాడు. ఒకసారి పరంజా కర్ర విరిగి కింద పడ్డాడు. నడుం దెబ్బతింది. నొప్పికి బలమైన మాత్రలు ఇచ్చారు. నడుం నొప్పి అతన్ని వదిలింది గానీ మాత్రలు వదల్లేదు. ఆ తర్వాత సంగతులు సాగదీసి చెప్పే ఓపిక నాకు లేదు. పని పోయింది. స్నేహితులు మొహం చాటేశారు. అక్క దగ్గరున్న మంచి కత్తెరలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చివరికి ఒకనాడు స్నానాలగదిలో పెదాలు నీలంగా మారి పడి ఉంటే, ఆమె తలుపు విరగ్గొట్టి బయటికి లాగింది. ఆ తలుపుకి ఇవాళ్టికీ గడియ లేదు.

తర్వాత ఆ అలవాటు మానిపించే చోట చాలాకాలం ఉండి వచ్చాడు. వచ్చి ఒక వడ్రంగి షెడ్డులో చేరాడు. మనిషి నెమ్మదించాడు. కానీ ఒక్క చప్పుడు మాత్రం భరించలేడు. షీటులోంచి మాత్రను బొటనవేలితో నొక్కితే వెనకున్న రేకు చిట్లుతుంది చూడండి, ఆ చప్పుడు. ఎక్కడో గదిలో ఎవరైనా నొక్కినా తింటున్నవాడు చెయ్యి ఆపేసేవాడు. ఒళ్ళంతా ఆ వైపుకి తిరిగిపోతుంది అక్కా అన్నాడట. ఆ మాట అన్ననాడే మందుల డబ్బా మా ఇంటికి దిగింది. ఆ ఇంటి నియమం అలా పుట్టింది. మాత్ర నేను మా వంటింట్లో నొక్కి తియ్యాలి, ఆమె మా వంటింట్లోనే మింగి పైకి పోవాలి. ఈ పద్ధతి చూసి నేను నవ్వలేదు. ఒకసారి ఇల్లు కాలినవాళ్ళు అగ్గిపెట్టెను ఎక్కడ దాచుకుంటారన్నది వాళ్ళిష్టం.

ఇదంతా సర్దుకుంటున్న సమయంలో కత్తెరక్కకు కుడి రొమ్ములో గడ్డ తగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, అదే. పరీక్షలయ్యాయి, రొమ్ము తీసెయ్యాలన్నారు. చంకలోకి కూడా పాకిందని, అక్కడి గడ్డలూ తియ్యాలన్నారు. ఆసుపత్రికి తోడు వెళ్ళింది నేనే. డాక్టరు చెప్పినదంతా విని ఆమె అడిగింది ఒక్కటే. బతుకుతానా అని కాదు. నొప్పికి ఏం ఇస్తారని.

తమ్ముడి సంగతి దాచకుండా చెప్పేసింది. ఆ బలమైన మాత్రలు తన ఇంటి గుమ్మం తొక్కడానికి వీల్లేదంది. డాక్టరు కోపగించుకోలేదు. ఈ రోజుల్లో తామూ వాటిని తగ్గించే ఇస్తున్నామన్నాడు. ఆపరేషన్ బల్ల మీదే ఛాతీ పక్కన నరాలకు మత్తు సూది వేస్తామన్నాడు. ఇంటికి వెళ్ళాక మామూలు నొప్పి మాత్రలు రెండు రకాలు వేళకు వేసుకోవాలి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. చెయ్యి కింద దిండు పెట్టుకోవాలి. రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను మెల్లగా పైకి పాకించాలి. బలమైన మాత్రలు గుప్పెడు కూడా ఇవ్వం, నొప్పి మరీ చెయ్యి కదలనివ్వనప్పుడు వాడుకోవడానికి ఒక చిన్న షీటు మాత్రం ఇస్తాం, మిగిలితే తెచ్చి వెనక్కి ఇచ్చెయ్యండి అన్నాడు. అంత వివరంగా చెప్పే డాక్టరును నేను చూడలేదు. కానీ చెప్పినవన్నీ మన చెవిలోకి వెళ్తాయా? మన భయానికి ఏది కావాలో అదే వెళ్తుంది.

ఆపరేషన్ అయింది. చంక కింద ఒక గొట్టం, దాని చివర నీరు దిగే చిన్న సీసా, ఛాతీ చుట్టూ కట్టు. ఇంటికి వచ్చిన కొత్తలో సూది మందు బలం మీద బాగానే ఉంది. మెట్లు దిగి వచ్చేది, నేను మాత్రలు నొక్కి సీసా మూతలో వేసి ఇచ్చేదాన్ని. డబ్బా అడుగున పెట్టిన ఆ చిన్న షీటు వైపు మాత్రం కన్నెత్తి చూసేది కాదు. పామును బుట్టలో పెట్టి ఇంట్లో ఉంచుకున్నట్టు ఉంది పిన్నీ అంది ఒకసారి. ఉన్నది మా ఇంట్లో కదా, కరిస్తే నన్ను కరుస్తుందిలే అన్నాను.

మత్తు దిగాక ఆమె రావడం తగ్గింది. అడిగితే ఆసుపత్రివాళ్ళు తగ్గించమన్నారంది. తర్వాత పూర్తిగా మానేసింది. నొప్పి లేదంది. నేను నమ్మాను. నమ్మకపోవడానికి కారణం కూడా లేదు. మొహం తెల్లగా పాలిపోయి ఉండేది గానీ, అంత ఆపరేషన్ అయినవాళ్ళు కళకళలాడుతుంటారా?

చూడవచ్చినవాళ్ళకు లోటు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మంచం పట్టినవాళ్ళు మరీ లోకువ. ఒకావిడ వచ్చి, కుట్లు పడ్డ చెయ్యి కదిపితే ఊడిపోతాయంది. ఇంకొకావిడ, మందులు ఎంత మింగితే ఒంట్లో అంత వేడి అంది. తన అత్తగారు ఒక్క బిళ్ళ లేకుండా ఓర్చుకుందని మూడో ఆవిడ గొప్ప చెప్పుకుంది. ఆ అత్తగారు ఆ ఓర్పుతోనే పోయిందని నాకు తెలుసు. ఆ మాట అనేసి ఆమెను గుమ్మం దాకా సాగనంపాను. కానీ కత్తెరక్క ఆ మాటలన్నీ బుద్ధిగా విని తలూపేది. ఆమె చెయ్యాలనుకున్నదానికి వాళ్ళు సాక్ష్యం పలుకుతున్నారని నాకు తర్వాతే అర్థమైంది. చంకలో ఏదో దాచుకున్నట్టు కుడిచేతిని ఒంటికి అదిమి పట్టుకుని తిరిగేది. ఎడమచేత్తో తల దువ్వుకునేది, ఎడమచేత్తో తలుపు తీసేది. తమ్ముడు షెడ్డునుంచి వచ్చి ఎలా ఉంది అక్కా అంటే, నొప్పి అనేదే లేదురా అని నవ్వేది.

గొట్టం తీసేశాక మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. కళ్ళజోడు పెట్టుకున్న ఒక లావుపాటి నర్సు ఆమెను గోడ పక్కన నిలబెట్టి చెయ్యి ఎత్తమంది. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. నర్సు మెల్లగా తన చేత్తో ఆనించి ఇంకొంచెం లేపబోయింది. కత్తెరక్క అరవలేదు. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి, అంతే. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. చంకనుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు బిగించినట్టు ఒక గీత లేచి ఉంది.

నర్సు చెయ్యి దించి ఎదురుగా కూర్చుంది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. కత్తెరక్క నేలచూపులు చూసింది.

"మేం తగ్గించమన్నది బలమైన మందునమ్మా. నొప్పిని భరించమని ఎవరు చెప్పారు? నొప్పి ఉంటే చెయ్యి కదపరు. కదపకపోతే భుజం పట్టేస్తుంది. పట్టేసిన భుజాన్ని వదిలించడం మా చేతుల్లో కూడా ఉండదు" అంది నర్సు.

ఇప్పటికే ఆలస్యమైందని, ఇకనైనా మామూలు మాత్రలు వేళకు వేసుకోమని, వ్యాయామానికి ముందు కొన్నాళ్ళు ఆ బలమైనదాన్ని కూడా సగం వేసుకోక తప్పదని చెప్పింది. మీ పనేమిటని అడిగింది. జుట్టు కత్తిరిస్తానని కత్తెరక్క చెప్పగానే ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నోరు విప్పాను. ఎందుకు అబద్ధం చెప్పావన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది పిన్నీ అంది కిటికీలోంచి చూస్తూ. మీ వంటింట్లో మింగి పైకి వెళ్ళినా, మందు పడ్డ మొహం వాడు గుర్తుపడతాడంది. నొప్పి తగ్గిన మొహం ఎలా ఉంటుందో వాడికి తెలిసినంత ఎవరికీ తెలియదట. అది చూస్తే వాడికి కూడా అలా ఉండాలనిపిస్తుందని ఆమె భయం. ఒక చెయ్యి పోతే ఎడమచేత్తో బతుకుతాను, వాడు మళ్ళీ ఆ స్నానాలగదిలో పడితే లాగడానికి నా దగ్గర రెండు చేతులు లేవు అంది. వాడితో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ మాటలు విన్నాక ఒట్టు వెయ్యక ఏం చేస్తాను?

మర్నాడు మా వంటింట్లో కొళాయి కారుతుంటే పొడుగోడు బాగు చెయ్యడానికి వచ్చాడు. నేను ముందుగదిలో చిరిగిన చొక్కా ఒకటి కుడుతున్నాను. కొళాయి గొట్టం అలమర వెనక నుంచి పోతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. లోపల సామాన్లు జరుపుతున్న చప్పుడైంది. అంతలో మరో చప్పుడు. రేకు డబ్బాలో షీట్లు ఒకదానిమీద ఒకటి జారిన చప్పుడు. తర్వాత ఇల్లంతా నిశ్శబ్దం. సూది అలాగే పట్టుకుని లోపలికి పరిగెత్తాను.

డబ్బా అతని చేతుల్లో ఉంది. మూత తియ్యలేదు. పొయ్యి మీదినుంచి దించిన గిన్నెను పట్టుకున్నట్టు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. అందులో అడుగున ఏముందో నాకు తెలుసు. అతనికి కూడా తెలుసని ఆ చెమటే చెప్పింది. అక్కడ పెట్టెయ్ నాన్నా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేనెవరినీ నాన్నా అని పిలిచేదాన్ని కాదు.

"ఇది నిండుగా ఉంది పిన్నీ" అన్నాడు. "వాడుతున్న డబ్బా ఇంత మెత్తగా మోగదు. అక్క వేసుకోవడం లేదు."

నేను అవుననలేదు, కాదనలేదు. నాలాంటి నోరు మూతపడిందంటే అదే జవాబు. డబ్బాను బల్ల మీద పెట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత కూర్చుని కొళాయి బిగించాడు. అది ఇప్పటికీ చుక్క కారలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద అక్క కోసం కూర్చున్నాడు. మా తలుపు తీసే ఉంది. మూసుకునే మర్యాద నాకు లేదు. ఆమె కిందికి దిగి రాగానే లేచి నిలబడి చెయ్యి ఎత్తమన్నాడు. ఆమె ఎత్తలేదు. నొప్పిగా ఉందా అంటే లేదంది.

"నేను మళ్ళీ మొదలుపెడతానని భయమా అక్కా?"

ఇలాంటి చోట లేదురా, అవేం మాటలురా అంటారు లోకంలో. అలా అంటుందనే అనుకున్నాను.

"అవున్రా" అంది.

అతను తలూపాడు. కోపం లేదు, ఏడుపు లేదు. అద్దెవాళ్ళకు ఇల్లు ఖాళీ చెయ్యమన్న కబురు వస్తే ఊపినట్టు ఊపాడు.

"నాకూ భయమే. పొద్దున లేవగానే అదే. కానీ ఆ భయం నాదక్కా. నువ్వు చంకలో పెట్టుకుని మొయ్యకు."

ఆ మర్నాడు బట్టలు ఒక సంచిలో సర్దుకుని వడ్రంగి షెడ్డు వెనకాల ఉన్న గదిలోకి మారిపోయాడు. పని ఎక్కువగా ఉందని వీధికి చెప్పాడు. కత్తెరక్క మెట్ల దగ్గర నిలబడి ఆపలేదు. ఆపితే ఆగేవాడేమో. ఆపడానికి చెయ్యి చాపాలి కదా, ఆ చెయ్యి లేవలేదని నాతో అని నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక నేను డబ్బా తెచ్చి ఆమె ఇంట్లోనే పెట్టాను.

అప్పటినుంచి మాత్రలు వేళకు వేసుకుంది. వ్యాయామం ముందు ఆ బలమైనది సగం విరిచి నేనే ఇచ్చేదాన్ని. మింగుతూ ప్రతిసారీ గుమ్మం వైపు చూసేది. గోడ మీద వేళ్ళు పాకించేది. పెన్సిల్‌తో గీత పెట్టి నిన్నటికంటే పైకి పోవాలనేదాన్ని. తిట్టేదాన్ని, బతిమాలేదాన్ని. చర్మం కింది తాడు కొంత వదులైంది. గీతలు కొన్నాళ్ళు పైకి పోయాయి. చెవి ఎత్తు దాకా వచ్చాక ఆగిపోయాయి. మిగిలిన ఆ బలమైన మాత్రలు తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చేశాం. కళ్ళజోడు నర్సు చెయ్యి ఎత్తించి చూసి, ఇంకా రావచ్చు, ప్రయత్నం మానకండి అంది. ముందే మొదలుపెట్టి ఉంటే అన్న మాట ఆవిడ అనలేదు. మంచి మనిషి. ఆ మాట నేనంటానేమోనని దారంతా నోరు కట్టేసుకున్నాను.

మళ్ళీ దుకాణం తెరవాలని నిర్ణయించుకున్ననాడు నేనూ వెళ్ళాను. తాళం తీసి చూస్తే కుర్చీ అదే, కానీ పొట్టిదైపోయింది. నాలుగు కాళ్ళూ సమానంగా కోసి, కోసిన చోట నున్నగా చిత్రికపట్టి, అడుగున రబ్బరు ముక్కలు అతికించి ఉన్నాయి. గదిలో కొత్త రంపపు పొట్టు వాసన. రెండో తాళంచెవి తమ్ముడి దగ్గరే ఉండేది. కుర్చీ వెనక నిలబడి ఆమె చెయ్యి ఎత్తి చూసుకుంది. కూర్చున్నవాళ్ళ తల అక్కడికి అందుతుంది. అతను ఏనాడు ఆమె చేతిని కొలిచాడో నాకు తెలియదు.

ఆడవాళ్ళు వచ్చి ఆ కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని, ఇదేంటి కత్తెరక్కా, మమ్మల్ని బాలశిక్ష క్లాసులో కూర్చోబెట్టావా అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. రెండు మూడు తలలు కాగానే కూర్చుని భుజం పట్టుకునేది. మునుపటి పనిలో సగం కూడా జరగదు. తల పైభాగం కత్తిరించాలంటే ఎడమచేత్తో కుడి మోచేతిని కిందినుంచి ఎత్తిపట్టుకోవాలి. కొందరు వేరే దుకాణం చూసుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను, మనసులో మాత్రం తిట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఊరికే కూర్చుని ఉంటే పొడుగోడు వచ్చాడు. జుట్టు మెడ మీదికి దిగింది. వెళ్ళి ఆ కురచ కుర్చీలో కూర్చున్నాడు. అంత మనిషి అందులో ముడుచుకుపోయాడు. ఆమె మెడ చుట్టూ గుడ్డ కట్టి పక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది. చాలాసేపు కత్తెర చప్పుడే. తర్వాత, ఇంక ఇంటికి వచ్చెయ్యరా అంది. ఆ బిళ్ళలు తిరిగి ఇచ్చేశాం, పిన్నిని అడుగు అంది.

అతను నన్ను అడగలేదు. అద్దంలో ఆమె మొహం వైపు చూశాడు.

"నొప్పి ఉందా అక్కా?"

లేదని ఒక్క మాట అంటే చాలు, వచ్చేస్తాడు. ఆమెకు నోటి చివర సిద్ధంగా ఉండే మాట అది. ఇంతకాలం అదే అంటూ వచ్చింది. అనవే తల్లీ అని నేనే లోపల అనుకున్నాను. అబద్ధమైతేనేం, పైన ఆ రెండు గదుల్లో ఒక్కతే తిరుగుతున్న అడుగుల చప్పుడు వినేది నేను కదా. కత్తెర ఆగింది.

"ఉంది" అంది. "చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఉంది."

అతను కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"నేను ఇంట్లో లేను కాబట్టి చెప్పగలిగావు. వస్తే మళ్ళీ లేదంటావు."

ఆమె కాదనలేదు. అద్దంలో ఇద్దరి మొహాలూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయి. ఇద్దరిలో ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు. ఆమె ఎడమచేత్తో కుడి మోచేతిని కిందినుంచి పట్టుకుని కత్తెర పైకి లేపింది. నడినెత్తి దగ్గర ఇంకా కొంచెం మిగిలింది.

"తల వంచు" అంది. "అందడం లేదు."